పోస్టు సంచిలో అక్క పళ్ళు

మంగళవారం పొద్దున పదీ పదికి రెండో అంతస్తు కిటికీ గట్టు మీద నుంచి ఒక పై పళ్ళ సెట్టు జారి, కింద నడిచి వెళ్తున్న పోస్టమ్మ సంచిలో పడింది. సంచి మూత తెరిచే ఉంది. పళ్ళకు దెబ్బ తగల్లేదు. ఉత్తరాలకూ తగల్లేదు. భుజాన సంచి కాస్త ఊగితే గాలి అనుకుని పోస్టమ్మ తన మానాన తాను పక్క వీధిలోకి తిరిగింది.

సెట్టు చేసినాయన మెట్లన్నీ రెండేసి చొప్పున దిగి ఆమె వెనకాల పరిగెత్తాడు. ఒంటి మీద ఏప్రన్, మోచేతుల దాకా తెల్లటి ప్లాస్టర్ పొడి, చేతిలో ఫోను. రెండో మలుపు దగ్గర అందుకున్నాడు.

"అమ్మా, ఒక్క నిమిషం. మీ సంచిలో మా పళ్ళు పడ్డాయి."

పోస్టమ్మ ఆయన నోటి వంక చూసింది. "మీవి మీ దగ్గరే ఉన్నట్టున్నాయే?"

"నావి కావండీ. మా అక్కవి."

"ఆవిడేరి?"

"పైన కూర్చుని ఉంది. పళ్ళ కోసమే."

పోస్టమ్మ సంచిలో చెయ్యి పెట్టి వెతికింది. ఒక పత్రికకీ, ఎవరిదో కరెంటు బిల్లుకీ మధ్య అవి దొరికాయి. తీసింది కానీ ఇవ్వలేదు. "సంచిలో పడ్డదేదైనా పోస్టేనండీ. చిరునామా లేనిది ఎవరి చేతికీ ఇవ్వకూడదు మేము. దీని మీద ఏమీ రాసి లేదే."

"చిరునామా అంటే... మా అక్క నోరండీ."

పోస్టమ్మ ఈ సంగతి కాసేపు సీరియస్‌గా ఆలోచించింది. "సరే, ఈసారికి" అని చేతిలో పెట్టింది.

ఆయన పైకి వచ్చి పళ్ళను సబ్బుతో రెండుసార్లు, మందు నీళ్ళలో ఒకసారి కడిగాడు. తర్వాత ముందు గదిలోకి వెళ్ళి, "పాలిష్ కాస్త ఆలస్యమైందక్కా" అని మొహంలో ఏ మార్పూ లేకుండా చెప్పి, ఆవిడ నోట్లో పెట్టాడు.

ఇంతకీ పళ్ళు కిటికీ గట్టు మీదకి ఎందుకు వెళ్ళాయంటే, ఫోటో కోసం. పొద్దున పూట ఆ గట్టు మీద పడే వెలుతురులో పళ్ళు ముత్యాల్లా మెరుస్తాయి.

ఆయన కట్టుడు పళ్ళు చేస్తాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా అదే పని. డాక్టరమ్మ క్లినిక్ వెనకాల ఒక పొడుగాటి గది. గోడకి ఇరుకు బల్ల, బల్ల మీద స్పిరిట్ దీపం, మైనం ముక్కలు, దవడ లాగే తెరుచుకుని మూసుకునే ఇనప చట్రాలు. అలమర నిండా ఊళ్ళోవాళ్ళ చిగుళ్ళ అచ్చులు, ఒక్కోదాని మీదా పెన్సిలుతో తేదీ. ఆ అలమర తెరిస్తే సగం ఊరు నోరు తెరిచి చూస్తున్నట్టుంటుంది. అందరూ ఆయన్ని పళ్ళాయన అంటారు. సొంత పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి ఎవరినో అనుకుంటాడు.

పని నేర్పిన పెద్దాయన ఒక్క నియమం మాత్రం గట్టిగా చెప్పాడు. "నమలడం వాళ్ళింటికెళ్ళి చూసుకుంటారు. మాట్లాడటం ఇక్కడే చూడు. నవ్వించకుండా మాత్రం ఎవర్నీ గుమ్మం దాటించకు." నవ్వినప్పుడు దవడ ఎటు వెళ్తుందో దవడకే తెలియదు, సెట్టు నిలబడుతుందా, ఒరుసుకుంటుందా, పైకి లేస్తుందా అన్నది అప్పుడే బయటపడుతుంది. అందుకని పళ్ళాయన దగ్గర ప్రతి మనిషికీ సరిపడా ఒక కథ ఉండేది. ఎక్కువగా తన పరువు తానే తీసుకునే కథలు. తను పెళ్ళిచూపులకి చెప్పులు మార్చి వేసుకెళ్ళిన కథ, మామగారిని చూసి కారు డ్రైవరనుకుని తాళాలు అడిగిన కథ. ఇరవై నాలుగేళ్ళ పాటు ఆ గదిలోంచి నవ్వుతూ బయటికి రానివాళ్ళు లేరు.

నాలుగేళ్ళ కిందట ఫోటోలు పెట్టుకునే ఆ యాప్ వచ్చింది. అంటే లోకంలోకి ముందే వచ్చింది, ఆయన ఫోన్లోకి అప్పుడొచ్చింది. సరదాగా ఒక సెట్టు ఫోటో పెడితే నలభై లైకులు. నలభై మంది! ఆయన చేసిన పని అంతదాకా చూసింది డాక్టరమ్మా, వేసుకున్న మనిషీ, వాళ్ళ అద్దమూ. ఆ పూట ఆయనకి భోజనం కూడా గుర్తు రాలేదు. మెల్లగా పదకొండు వేలమంది ఫాలోయర్లు అయ్యారు. తెల్లటి పళ్ళకి ఎక్కువ లైకులు, వంకర లేని పళ్ళకి ఇంకా ఎక్కువ. బల్ల మీద పళ్ళ రంగులు పోల్చి చూసే పలక ఒకటుంటుంది, తళతళలాడే తెలుపుతో మొదలై పసుపు దాకా పదహారు రంగులు, ఒక్కో మనిషి మొహానికి ఒక్కోటి. రానురాను ఆయన చివరి పన్నెండింటి జోలికే వెళ్ళడం మానేశాడు. డెబ్బై ఏళ్ళ రిటైర్డ్ మాస్టారికి పాతికేళ్ళ కుర్రాడి పళ్ళు పెట్టి పంపితే, ఆయన భార్య తలుపు తీసి "ఎవరు కావాలండీ?" అని అడిగిందట.

ఎక్కడో వేరే ఊళ్ళో ఒకాయన పెట్టిన సెట్టుకి తొమ్మిది వేల లైకులొచ్చిన రోజు పళ్ళాయన అన్నం ముందు కూర్చుని ఫోను వంకే చూశాడు.

"ఆయన పళ్ళు మీవాటికంటే బాగున్నాయా?" అని భార్య అడిగింది.

"బాగాలేవు. అదే బాధ."

అన్నిటికంటే పెద్ద మార్పు చిన్నగా వచ్చింది. నవ్వితే మనిషి కదులుతాడు, మనిషి కదిలితే ఫోటో పాడవుతుంది. అందుకని, "ఇలా... పెదాలు కొంచెం పైకి... కదలకండి" అనడం అలవాటైంది. కథలు చెప్పడం ఎప్పుడు మానేశాడో ఆయనకే తెలియదు.

ఇక అక్క సంగతి. ఆయనకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. అమ్మ పనికి వెళ్తే ఆయన్ని చంకనేసుకు తిరిగింది ఆవిడే. లైబ్రరీలో కౌంటరు దగ్గర పనిచేస్తుంది. తల మీద 'నిశ్శబ్దం' అని పెద్ద బోర్డు, దాని కింద ఈవిడ నవ్వు. ముందు రెండు పళ్ళ మధ్య సందుండేది ఆవిడకి, చిన్నప్పటి నుంచీ. అందువల్ల నవ్వు చివర్లో సన్నగా ఒక ఈల పలికేది. ఆ ఈల విని లైబ్రరీలో చదువుకునేవాళ్ళు తలెత్తి, కారణం తెలియకపోయినా తామూ నవ్వేవారు. చిగుళ్ళ జబ్బు వచ్చి పై పళ్ళన్నీ తీయించాల్సి వచ్చినప్పుడు ఆవిడ ఏమీ బెంగపడలేదు. "తమ్ముడున్నాడుగా" అంది.

తమ్ముడు ఆవిడకి చాలా అందమైన సెట్టు చేశాడు. మొదటి రంగు, గీత గీసినంత వరస. సందు లేదు. పాఠశాల ముందు వరసలో నిలబెట్టిన పిల్లల్లాంటి పళ్ళు. అదే మంగళవారం, 'ముందు' అని బోసి నోటితో అక్క మొహం ఫోటో ఒకటి, 'తర్వాత' అని పళ్ళ ఫోటో ఒకటి పక్కపక్కన పెట్టాడు. బోసి నోటిది చికిత్స కోసం తీసిన ఫోటో. అక్కని అడగలేదు. అక్కే కదా, అడిగేదేముంది అనుకున్నాడు.

గురువారానికి నాలుగు వేల రెండు వందల లైకులు.

శుక్రవారం అక్క వచ్చింది. ఒక చేత్తో నోరు మూసుకునుంది. ఇంకో చేత్తో రుమాలు మూట బల్ల మీద పెట్టింది.

"ఏంటక్కా, ఒరుసుకుంటున్నాయా?"

"ఇద్దరు స్కూలు పిల్లలు పుస్తకం తీసుకోడానికొచ్చార్రా" అంది అక్క, చెయ్యి తీయకుండానే. "ఫోను చూశారు, నన్ను చూశారు, మళ్ళీ ఫోను చూశారు. ఒక పిల్ల పాపం, 'ఇప్పుడు బాగున్నారాంటీ' అంది. అప్పుడు తెలిసింది నాకు."

"తీసేస్తానక్కా, ఇప్పుడే తీసేస్తా—"

"నా బోసి నోరు మా ఆయనకి కూడా చూపించలేదురా నేను. ఊరందరికీ చూపించడానికి నీకేం హక్కుంది?" మూట ఆయన వైపు జరిపింది. "ఇవి నీ పళ్ళు. నావి కావు. అద్దంలో చూసుకుంటే ఎవరో ఆవిడ నా మొహం పెట్టుకుని కూర్చున్నట్టుంది."

వెళ్ళిపోయింది. ఆదివారం భోజనానికి రాలేదు. ఇరవై ఏళ్ళలో ఆవిడ రాని మొదటి ఆదివారం అది. ఆవిడ కుర్చీ ఖాళీగా ఉంది. భార్య ఆ కుర్చీని చూసింది, ఆయన్ని చూసింది, అన్నం వడ్డించింది. తిట్టి ఉంటే బాగుండేదని ఆయనకి అనిపించింది.

ఫోటో ఆ శుక్రవారమే తీసేశాడు. తీసేస్తే మాత్రం? అప్పటికే ఎవరెవరో దాచుకుని ఎవరెవరికో పంపారు. సోమవారం పొద్దున పోస్టమ్మ డాక్టరమ్మ ఉత్తరాలు తెచ్చి, వాటిని బల్ల మీద పెట్టాక కూడా కదల్లేదు.

"మా ఆఫీసులో ఒకతను చూపించాడండీ. మీ అక్కగారే కదా? ఆ పళ్ళు గుర్తుపట్టాను, నా సంచిలో పడ్డవే."

పళ్ళాయన మైనం ముక్క తీసి దీపం మీద పెట్టాడు.

"ఏమీ అనుకోకండి. ఇరవై రెండేళ్ళుగా పంచుతున్నాను. ఒకరి ఉత్తరం ఇంకొకరి గుమ్మంలో వెయ్యలేదు. కార్డు మీద ఏముందో కళ్ళబడ్డా చదవనట్టే ఇచ్చేదాన్ని. మీరేమో మీ అక్కగారి నోటిని చిరునామా లేకుండా ఊరంతా పంచేశారు." కాస్త ఆగి, "సంతకం పెట్టండి, రిజిస్టర్డు ఒకటుంది" అంది.

ఆయన సంతకం పెట్టాడు. పోస్టమ్మ మెట్లు దిగే చప్పుడు పూర్తిగా ఆగేదాకా విన్నాడు. అక్క కోపం ఆయన్ని ఏడిపించింది. ఈవిడ మాట మాత్రం లేపి కూర్చోబెట్టింది. తర్వాత చాలా రోజులకి కూడా, 'ఆ పూట ఆవిడ మొహమాటపడి ఊరుకుని ఉంటే నేను ఇంకో ఫోటో తీసి ఉండేవాణ్ణి' అని చెప్పుకునేవాడు.

మధ్యాహ్నం తలుపు వేసుకుని అకౌంటు తీసేయడానికి కూర్చున్నాడు. వెళ్ళిపోతానంటే ఆ యాప్ ఒక పట్టాన వదలదు. 'నిజంగానే వెళ్తున్నారా?' అంది. అవునన్నాడు. 'పదకొండు వేలమంది మిమ్మల్ని మిస్సవుతారు' అంది. ఆయన ఆ పదకొండు వేలమందిలో ఆదివారం భోజనానికి వచ్చేవాళ్ళెవరైనా ఉన్నారా అని ఆలోచించాడు. 'పోనీ కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకోండి' అంది. వద్దన్నాడు. 'ముప్పై రోజుల్లో ఎప్పుడైనా తిరిగి రావచ్చు' అని, గేటు దాకా వచ్చి ఇంకా కబుర్లు చెప్పే చుట్టంలా చివరి మాట చెప్పింది. ఆయన నొక్కేశాడు.

చెప్పడానికి గొప్పగా ఉంటుంది గానీ, మొదటి వారం ఆయన పరిస్థితి గొప్పగా లేదు. యాప్ తీసేశాక దాని చోటులోకి టార్చి బొమ్మ జరిగింది. బొటనవేలికి ఆ సంగతి తెలియదు. అది పాత అలవాటు కొద్దీ రోజుకి యాభైసార్లు అక్కడే నొక్కేది. బస్సులో, క్యూలో, డాక్టరమ్మతో మాట్లాడుతుండగా ఆయన జేబులోంచి ఉన్నట్టుండి వెలుగొచ్చేది. ఒకసారి క్షౌరశాలలో వంతు కోసం కూర్చుని, ఎదురుగా ఉన్నాయన కళ్ళల్లోకి తిన్నగా వేశాడు.

"ఏమండీ, పట్టపగలు ఏం వెతుకుతున్నారు?" అని భార్య అడిగింది, మూడోరోజు వంటగదిలో.

"ఏమీ లేదు. అలవాటు."

"వెతికేదేదో లైబ్రరీ వైపు వెళ్ళి వెతకరాదూ."

వెళ్ళే ధైర్యం లేదు. కానీ చేతులున్నాయి కదా. అలమరలో అక్క చిగుళ్ళ అచ్చు ఉంది, కింద పెట్టెలో ఒక పాత ఫోటో దొరికింది. అందులో ఆయనకి ఆరేళ్ళు, అక్కకి పద్నాలుగు. ఆయన ప్యాంటు జారిపోతుంటే అక్క ఒక చేత్తో పట్టుకుని పడీపడీ నవ్వుతోంది. ముందు పళ్ళ మధ్య సందు స్పష్టంగా ఉంది. ఆ ఫోటో నలుగురికీ చూపించాలని ఆయనకి అనిపించలేదు. భూతద్దం పెట్టి చూశాడు. బియ్యపు గింజ మందం ఉంటుంది.

రంగుల పలక తీసి తుడిచాడు. ఎనిమిదో రంగు. టీ ఇష్టంగా తాగే మనిషి పళ్ళ రంగు. మైనంలో ఒక్కో పన్నూ పెట్టుకుంటూ వెళ్ళాడు. ఎడమ కోర పక్కది కాస్త లోపలికి తిరిగి ఉండేది, దాన్నీ అలాగే తిప్పాడు. పని చేస్తున్నంతసేపూ కిటికీ మూసే ఉంది. దీపం మీద మైనం కరిగే వాసన ఆయనకి నాలుగేళ్ళ తర్వాత మళ్ళీ తెలిసింది. ఇన్నాళ్ళూ ఆ వాసన అక్కడే ఉందని గుర్తొచ్చి, ఆయనకి ఎవరికో దండం పెట్టాలనిపించింది. ఎదురుగా ఎవరూ లేకపోవడంతో దీపానికే పెట్టాడు.

ఆ వారంలోనే ఒకావిడ కింది పళ్ళ కోసం వచ్చింది. కుర్చీలో కూర్చుని అలవాటుగా పెదాలు బిగించి, "ఫోటోకి రెడీనండీ" అంది.

"ఫోటో లేదమ్మా. మా మామగారిని కారు డ్రైవరనుకున్న కథ చెప్తాను, వింటారా?"

ఆవిడ విన్నది. నవ్వింది. సెట్టు కుడివైపు కాస్త లేచింది. ఆయన తీసి, అరగదీసి, మళ్ళీ పెట్టి, మళ్ళీ నవ్వించాడు. నాలుగేళ్ళలో ఎంతమందిని ఇలా లేస్తున్న పళ్ళతోనే పంపించి ఉంటాడో అన్న ఆలోచన వచ్చి చెవులు ఎర్రబడ్డాయి. మర్నాడు డాక్టరమ్మ దగ్గర పాత పేషెంట్ల వివరాలు అడిగి తీసుకుని, ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. రిటైర్డ్ మాస్టారికి ఐదో రంగు పళ్ళు కొత్తగా చేసి ఇచ్చాడు. ఆయన భార్య వచ్చి, "మావారిని తిరిగి ఇచ్చినందుకు థాంక్సండీ" అంది.

అక్క సెట్టు పూర్తయింది. కానీ ఆవిడ రావాలి కదా. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఆయన కాగితం తీసుకుని ఉత్తరం రాశాడు. పెళ్ళయ్యాక రాసిన మొదటి ఉత్తరం.

'అక్కా, తప్పు నాది. ఫోటో తీసేశాను. తర్వాత నేను కూడా అక్కడి నుంచి వచ్చేశాను. నీ పళ్ళు తయారయ్యాయి. ఈసారివి నీవే. గురువారం నాలుగింటికి రా. రాకపోతే నేనే వచ్చి మీ బోర్డు కింద నిశ్శబ్దంగా కూర్చుంటాను. — తమ్ముడు.'

కవరు మీద చిరునామా అచ్చు అక్షరాల్లో రాసి పోస్టమ్మ చేతికి ఇచ్చాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదీ పద్ధతి" అని సంచిలో వేసుకుని, మూత పెట్టుకుంది.

గురువారం నాలుగింటికి తలుపు గంట మోగలేదు. నాలుగూ పది. నాలుగుంబావు. పళ్ళాయన కుర్చీ రెండుసార్లు తుడిచాడు. నాలుగూ ఇరవైకి మెట్ల మీద అడుగుల చప్పుడు. అక్క వచ్చింది, నోటి మీద చెయ్యి అలాగే ఉంది.

"ఫోనెక్కడుంది?" అంది గుమ్మంలోనే.

"ఇంట్లో పెట్టొచ్చానక్కా."

కూర్చుంది. ఆయన సెట్టు పెట్టాడు. అద్దం ఇచ్చాడు. అక్క చాలాసేపు చూసుకుంది. నాలుకతో ఆ సందుని తడిమింది, ఒకసారి, మళ్ళీ ఒకసారి. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి కానీ మొహం ఇంకా బిగుసుకునే ఉంది. చెయ్యి పాత అలవాటు కొద్దీ మళ్ళీ నోటి మీదకి వెళ్ళింది.

పెద్దాయన మాట గుర్తొచ్చింది: నవ్వించకుండా ఎవర్నీ గుమ్మం దాటించకు. ఎన్నో కథలున్నాయి. అక్కకి అన్నీ తెలుసు. సగం కథల్లో ఆవిడే ఉంది. ఆవిడకి తెలియనిది ఒకే ఒక్కటి మిగిలింది.

"అక్కా, నీకొకటి చెప్పాలి. తిట్టకూడదు."

"ఇంకేం చేశావురా?"

"మొదటి సెట్టు ఆలస్యమైంది చూశావూ, అది పాలిష్ వల్ల కాదు. ఫోటో తీద్దామని కిటికీ గట్టు మీద పెట్టాను. జారి పోస్టమ్మ సంచిలో పడింది."

అక్క కనుబొమలు పైకి లేచాయి. "ఏ సంచిలో?"

"ఉత్తరాల సంచిలో. కరెంటు బిల్లు పక్కన."

"ఒరేయ్, దాన్ని తెచ్చి నా నోట్లో పెట్టావా!"

"సబ్బుతో రెండుసార్లు కడిగానక్కా. మందు నీళ్ళలో—"

"ఎదవా! ఇంకా?"

"ఇంకేముంది, ఆవిడ ఇవ్వనంది. సంచిలో పడ్డదంతా పోస్టేనంట. చిరునామా ఏదంది."

"నువ్వేమన్నావు?"

పళ్ళాయన తలొంచుకున్నాడు. "మా అక్క నోరండీ, అన్నాను."

అక్క అద్దం పక్కన పెట్టింది. పెదవి ఒక పక్క కదిలింది. బిగపట్టబోయింది. భుజాలు ఊగాయి. నోటి మీద చెయ్యి తనంతట తనే జారి, కుర్చీ చెయ్యి పట్టుకుంది. ఆ తర్వాత నవ్వు వచ్చింది, అలమరలో అచ్చులు టకటకలాడేంత, పక్క గదిలోంచి డాక్టరమ్మ తొంగి చూసేంత. నవ్వి, ఊపిరి తీసుకుని, "మా అక్క నోరండీ అన్నాడంట" అని మళ్ళీ నవ్వింది. చివర్లో సన్నగా, అరిటాకు అంచున గాలి తగిలినట్టు, ఈల.

అక్క దవడ ఎటు వెళ్తోందో పళ్ళాయన చూడాల్సింది. ఏమీ కనపడలేదు, కళ్ళు తుడుచుకుంటున్నాడు.

ఆ ఆదివారం అక్క కుర్చీ నిండింది. భార్య రెండుసార్లు వడ్డించింది, మూడుసార్లు ఆ కథ మళ్ళీ చెప్పించుకుంది. పళ్ళాయన తినడం ఆపి, ఈ కుర్చీలోకి మనిషి తిరిగొచ్చినందుకు ఎవరెవరికి రుణపడ్డాడో మనసులో తలుచుకున్నాడు: కోపం దాచుకోని అక్క, మొహమాటపడని పోస్టమ్మ, తిట్టకుండా వడ్డించిన భార్య. ఆయన బొటనవేలు బల్ల కింద ఒకసారి ఊరికే కదిలింది. టార్చి వెలిగింది. ఎవరూ పట్టించుకోలేదు.

మంగళవారం పొద్దున అక్క లైబ్రరీకి వెళ్తూ దారిలో మెట్లెక్కి వచ్చింది. వస్తూనే కుర్చీలో కూలబడి, పెదవి వేలితో పైకెత్తి చూపించింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఏం పళ్ళు చేశావురా! నిన్నంతా ఈ కుడివైపు ఒకటే ఒరుసుకోవడం. తింటుంటే బానే ఉంది, మాట్లాడితే బానే ఉంది, నవ్వినప్పుడే మండిపోతోంది!"

"ఈ నెలంతటికీ నేను విన్న మంచి కబురు ఇదేనక్కా, ఏదీ, నోరు తెరువు."